మేస్త్రీ ఏ ఊరెళ్ళాడు?

స్టేషనమ్మకు మనుషుల్ని చంపడం చేతకాదు.

అదేం లోపం, మాకూ చేతకాదు కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ ఆవిడ చేసే పని నవలలు చదవడం. చూపు లేనివాళ్ళ కోసం నడిచే శబ్ద గ్రంథాలయంలో మైకు ముందు కూర్చుని, పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివి రికార్డు చేయిస్తుంది. నవలలన్నాక మనుషులు పోతుంటారు. కొందరు జబ్బు చేసి పోతారు, కొందరు కత్తిపోటుకు పోతారు, కొందరిని ఇక ఏం చెయ్యాలో తోచక రచయితే పంపించేస్తాడు. ఎలా పోయినా సరే, ఆవిడ నోట ఆ మాట మాత్రం రాదు. అక్కడికి రాగానే గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత చల్లగా, స్పష్టంగా, "ఆయన ఊరెళ్ళాడు" అంటుంది.

స్టేషనమ్మ అన్న పేరు ఆవిడకు ఉద్యోగం వల్ల వచ్చింది. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా తెల్లబడేదాకా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, వచ్చే బళ్ళ గురించీ పోయే బళ్ళ గురించీ చెప్పింది. ఆవిడ చోట్లోకి యంత్రం వచ్చాక హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు. ఉండలేదు. గొంతు ఖాళీగా పడి ఉంటే తుప్పు పడుతుందని శబ్ద గ్రంథాలయానికి వచ్చి, జీతం మాట తర్వాత, ముందు చదవడానికి ఏదో ఒకటి ఇవ్వండి అని కూర్చుంది. ఆవిడ స్టేషన్ని వదిలినా స్టేషను ఆవిడను వదల్లేదు. ప్రతి అధ్యాయానికీ ముందు "దయచేసి వినండి" అనేది. ప్రేమలేఖను కూడా ప్లాట్‌ఫారం మారిన సంగతి చెప్పినంత శ్రద్ధగా, ఒక్కో మాటా విడదీసి చదివేది. వినేవాళ్ళకు అదే బాగుండేది, అది వేరే సంగతి.

ఈ ఊరెళ్ళడాలన్నీ వచ్చి రికార్డిస్టు నెత్తిన పడేవి. రెండో అంతస్తులో, కిటికీలు బిగించి గోడలకు పాత పరుపులు కొట్టిన గది. లోపల ఆవిడ, ఒక మైకు, ఒక ఎర్ర దీపం. అద్దానికి ఇవతల ఇతను, చెవులకు హెడ్‌ఫోన్లు. దీపం వెలుగుతున్నంతసేపూ ఫ్యాను తిరగకూడదు, కుర్చీ కిర్రుమనకూడదు, ఆకలేసినా కడుపు మూలగకూడదు. చేతిలో అచ్చుపుస్తకం పెట్టుకుని ఆవిడ చదివింది సరిచూడడం అతని పని. ఆవిడ కామా దగ్గర కూడా ఆగాల్సినంతసేపు ఆగుతుంది. ఒక్క చావు తప్ప పుస్తకంలో ఉన్నవన్నీ చదువుతుంది.

మొదటి గొడవ ఒక డిటెక్టివ్ నవలతో వచ్చింది. అందులో మొదటి పేజీలోనే ఒక కోటీశ్వరుడు పడకగదిలో హత్యకు గురవుతాడు. స్టేషనమ్మ చదివింది: "తెల్లవారేసరికి కోటీశ్వరుడు తన మంచం మీదే ఊరెళ్ళి ఉన్నాడు. వీపులో కత్తి దిగబడి ఉంది."

రికార్డిస్టు మీట నొక్కి ఆపాడు. "అమ్మగారూ, మంచం మీద ఊరెళ్ళడమేమిటండీ?"

"తొందరపడి వెళ్ళాడు పాపం. చెప్పులైనా వేసుకోలేదు."

"మరి వీపులో కత్తి?"

"అది చదివానుగా. పుస్తకంలో ఉన్నది నేనెందుకు తీసేస్తాను?"

"అలాగైతే ఇన్‌స్పెక్టరు ఎందుకొచ్చినట్టండీ?"

"ఏ ఊరెళ్ళాడో కనుక్కోవద్దూ?" అని ఆవిడ రెండు గుక్కలు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, "కానివ్వు అబ్బాయ్" అంది.

నవలంతా అలాగే సాగింది. కోటీశ్వరుణ్ణి ఊరు పంపింది ఎవరని ఇన్‌స్పెక్టరు గద్దించాడు. నాకేం తెలియదు బాబోయ్ అని వంటవాడు లబోదిబోమన్నాడు. చివరికి మేనల్లుడు, ఆస్తి కోసం మామయ్యను తనే ఊరు పంపానని ఒప్పుకుని భోరుమంటే, జడ్జిగారు అతనికి యావజ్జీవ శిక్ష వేశారు. మేనమామను ఊరు పంపితే ఇంత శిక్షా అని రికార్డిస్టుకే జాలేసింది.

ఆ తర్వాత యుద్ధాల నవల వచ్చింది. ఒకే సాయంత్రం నలభై వేలమంది సైనికులు ఊరెళ్ళారు.

"అంతమందికీ బళ్ళు సరిపోయాయా అమ్మగారూ?" అని అతను వెటకారంగా అడిగాడు.

"ప్రత్యేక రైళ్ళు వేసుంటారు" అంది ఆవిడ, తడుముకోకుండా.

అతను బతిమాలాడు, బామాలాడు. "పోనీ కన్నుమూశాడనండి. తుదిశ్వాస విడిచాడనండి. ఎంత మర్యాదగా ఉంటుందో చూడండి!"

"ఎంత మర్యాదగా అన్నా అదదే కదా. అది మైకులో చెప్పే మాట కాదబ్బాయ్" అనేది. ఎందుకు కాదని గుచ్చిగుచ్చి అడిగితే పెదవి విప్పేది కాదు.

ఇక లాభం లేదని అతను ఒకరోజు సొంత తెలివి ఉపయోగించాడు. తనే మైకు ముందు కూర్చుని "చచ్చిపోయాడు" అని ఒకసారి, "చచ్చిపోయింది" అని ఒకసారి రికార్డు చేసి, ఒక కుటుంబ నవలలో ఆవిడ ఊరు పంపిన చోటల్లా దాన్ని అతికించాడు. అప్పుడు అతనికి పడిశం పట్టి ఉంది. "తాతయ్య మనవరాలి చెయ్యి పట్టుకుని, చిన్నగా నవ్వి" అని ఆవిడ తీయగా చెబుతుండగా, మధ్యలో ఒక బొంగురు మగగొంతు దూరి "చచ్చిపోయాడు" అని బెదిరించేది. ఆ కాపీ తీసుకెళ్ళిన ఆయన మర్నాడే ఫోన్ చేశాడు. "కథ బాగుందయ్యా. కానీ ఆ ఇంట్లో తిరుగుతున్న రెండో మనిషెవరు? వాడు నోరు విప్పినప్పుడల్లా ఎవరో ఒకరు పోతున్నారు. నాకు వాడి మీద అనుమానంగా ఉంది." రికార్డిస్టు ఆ కాపీని వెనక్కి తెప్పించుకుని, తన గొంతును తనే తుడిచేసుకున్నాడు.

అయితే అతనికి అంతుబట్టని సంగతి ఇంకొకటి ఉంది. బొంగురు గొంతు మీద ఫిర్యాదు వచ్చింది కానీ, ఊరెళ్ళడాల మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదూ రాలేదు. వినేవాళ్ళలో ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. ఉద్యోగం చేస్తుండగానే చూపు పోయినా, చాదస్తం చెక్కుచెదరని మనిషి. లెక్క తప్పితే పక్కింటివాణ్ణి కూడా గుంజిళ్ళు తీయించే రకం. ఆయన డిటెక్టివ్ నవల వెనక్కిస్తూ, "బాగుందయ్యా. ఆ కోటీశ్వరుడే బతికుంటే మేనల్లుణ్ణి క్షమించేవాడు" అన్నారు.

రికార్డిస్టు ఉలిక్కిపడ్డాడు. "ఆయన పోయాడని మీకెవరు చెప్పారండీ?"

"పోలేదా?" అన్నారు మాస్టారు కంగారుగా.

"పోయాడనుకోండి. కానీ మా కాపీలో..."

"పోయాడుగా. ఇక గొడవేముంది?" అని మాస్టారు కర్ర తాటించుకుంటూ మెట్లు దిగిపోయారు.

అతను ఆ కాపీని మళ్ళీ మొదటి నుంచీ విన్నాడు. కోటీశ్వరుడు పోయాడన్న మాట ఎక్కడా లేదు. మాస్టారంటే తెలివైనవాడు, ఊహించుకున్నాడులే అని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత ఒక ముసలావిడ వచ్చి ఏదో నవలలో పెద్దకోడలు పోయినందుకు ముక్కు చీదింది. ఇంకొకాయన యుద్ధాల నవలలో సేనాధిపతి అంత చిన్న వయసులో పోవాల్సింది కాదన్నాడు. అందరికీ ఎవరు పోయారో, ఎక్కడ పోయారో చక్కగా తెలుసు. కాపీలో లేని మాట వాళ్ళ చెవుల్లోకి ఎలా వెళ్తోంది? అతనికి అన్నం సహించనంత కుతూహలం పట్టుకుంది.

ఉండబట్టలేక స్టేషనమ్మనే అడిగాడు. "నువ్వు కళ్ళున్నవాడివి. వినేవాళ్ళ సంగతులు నీకేం తెలుస్తాయి?" అని ఆవిడ మాట దాటేసింది. "ఇంతకీ మాస్టారు కొత్త పుస్తకం ఎక్కడిదాకా విన్నారట?"

ఇది ఆవిడ రోజూ అడిగే ప్రశ్న. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారు, ఎంతవరకు వచ్చారు అన్నీ కావాలి. తన గొంతు ఎంతమంది వింటున్నారో తెలుసుకోవాలనే సరదా కాబోలు అనుకుని అతను చెప్పేవాడు. ఆవిడకు ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ పుస్తకాన్నీ ముందుగా చదివి పెట్టుకోదు. ఏం జరగబోతోందో తెలిసిపోతే గొంతులో దాగదట. అందుకని కథ ఆవిడకు కూడా మైకు ముందే, పేజీ తిప్పుతుంటేనే తెలిసేది.

ఇలా ఉండగా ముడులపిల్ల వచ్చి పడింది.

ముడులపిల్ల ఒక కొత్త నవలలో నాయిక. ఆ లోకంలో ఒక నది ఉంది. చీకటి పడగానే లేచి ఇంకో చోటికి నడిచి వెళ్ళి పడుకుంటుంది. దారిలో ఊళ్ళుంటే ముంచేస్తుంది. ఆ నది మీద తాళ్ళ వంతెనలు కట్టే ముసలి మేస్త్రీ దగ్గర ఈ పదహారేళ్ళ పిల్ల పని నేర్చుకుంటుంది. తాడు వేలికి చుట్టుకుని గాలి ఎటు తిరగబోతోందో చెప్పగలదు. ఏ బరువుకు ఏ ముడి వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మొసళ్ళ రాణితో బేరమాడి నెగ్గుతుంది. నిన్ను రక్షిస్తానంటూ ఒక రాకుమారుడు గుర్రం దిగితే, అతని చేతికి తాడు కొస ఇచ్చి, "వదలకుండా పట్టుకో, అంతకంటే పెద్ద సాయం అక్కర్లేదు" అంటుంది. చదివిన ఆడపిల్లలందరూ జడలకూ సంచులకూ కిటికీ కర్టెన్లకూ ముడులు వేసుకుంటూ తిరుగుతున్నారు.

చూపు లేని ఆడపిల్లల హాస్టల్లో ఎనిమిదిమంది పెద్దపిల్లలున్నారు. బళ్ళో తోటిపిల్లలు ముడులపిల్ల గురించి గుసగుసలాడుకుంటుంటే వీళ్ళకు ముక్క అర్థమయ్యేది కాదు. అందుకని వాళ్ళలో ఒకతె రోజూ గ్రంథాలయానికి ఫోన్ చేసేది. ఆమెను అందరూ ప్లీడరంటారు. "వచ్చిందా అన్నా? ఎందుకు రాలేదు? ఆలస్యమైందా? ఆలస్యానికి కారణమేంటి? ఆ కారణానికి బాధ్యులెవరు?" అని అడిగి అతన్ని బోనులో నిలబెట్టేది.

ఆలస్యానికి బాధ్యురాలు రచయిత్రి. చిన్న వయసు, మొదటి నవల, ముక్కుమీద కోపం. కోపానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఒక పత్రిక ఆమె కథ వేసుకుంటూ, నాయికకు చివర్లో పెళ్ళి చేసి చేతులు దులుపుకుంది. అప్పటి నుంచి తన రాతలో చుక్క కదిలినా ఒంటికాలి మీద లేస్తుంది. శబ్ద గ్రంథాలయానికి అనుమతి ఇస్తూ ఒకటే షరతు పెట్టింది. ఒక్క మాట మారకూడదు. సగం రికార్డయ్యాక తనే వచ్చి వింటుంది. మారినట్టు తేలిందా, పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళిపోతుంది.

తొమ్మిది అధ్యాయాలు ఏ ఒడుదుడుకూ లేకుండా సాగాయి. పదో అధ్యాయంలో వంతెన సగమే అయి ఉంటుంది. ఊరంతా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని ఒడ్డున నిలబడి ఉంటుంది. చీకటి పడితే నది లేస్తుంది. సరిగ్గా అక్కడ రచయిత్రి రెండే రెండు వాక్యాలు రాసింది: "మేస్త్రీ కన్నుమూశాడు. ముడులపిల్ల తాడు అందుకుంది."

స్టేషనమ్మ గొంతు ఆగింది. ఈసారి కాస్త ఎక్కువసేపే ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మేస్త్రీ ఊరెళ్ళాడు. ముడులపిల్ల తాడు అందుకుంది."

రికార్డిస్టు హెడ్‌ఫోన్లు విసిరేసి లోపలికి దూసుకెళ్ళాడు. "అమ్మగారూ, ఈ ఒక్కసారికి నా మాట వినండి. వంతెనే పూర్తికాలేదు. ఆయన ఏ ఊరెళ్తాడు, ఎలా వెళ్తాడు?"

"ఈదుకుంటూ వెళ్ళాడు."

"పండు ముసలాయనండీ! నది నిండా మొసళ్ళు!"

"మొసళ్ళ రాణితో ఒప్పందమైపోయిందిగా, ఆరో అధ్యాయంలో."

అతను ఆరో అధ్యాయం తిప్పి చూశాడు. నిజంగానే అయిపోయింది.

"ఆ రచయిత్రి ఊరుకోదండీ" అన్నాడు, స్వరం తగ్గించి. "పుస్తకం లాక్కుపోతుంది. అక్కడ ఎనిమిదిమంది పిల్లలు చెవులు కోసుకుంటున్నారు. వాళ్ళ కోసమైనా..."

ఆవిడ ముఖం చిన్నబోయింది. పిల్లల మాట ఎత్తేసరికి మైకు దగ్గరికి జరిగి నోరు తెరిచింది. "మేస్త్రీ..." అంది. మళ్ళీ "మేస్త్రీ..." అంది. ఆ తర్వాత దగ్గు వచ్చింది. ఎర్ర దీపం వంక ఒకసారి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది అందరికీ ఒక్కసారే అరిచి చెప్పే డబ్బా. దీంట్లో నావల్ల కాదబ్బాయ్. ఆ అమ్మాయి వస్తే నేను మాట్లాడతాలే."

అతనికి మనసు మనసులో లేదు. పుస్తకం ఎలాగూ పోతుంది, పిల్లలకు దక్కినంతైనా దక్కనీ అనుకున్నాడు. ప్లీడరు మళ్ళీ ఫోన్ చేసి అడ్డప్రశ్నలు వేసేసరికి కరిగిపోయి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, అయిన సగం కాపీని హాస్టలుకు పంపేశాడు. రెండు రోజుల తర్వాత స్టేషనమ్మ అలవాటుగా, "ఎవరెక్కడి దాకా వచ్చారబ్బాయ్?" అంది. "హాస్టలు పిల్లలు తొమ్మిదో అధ్యాయం..." అని నోరు జారి నాలుక కరుచుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు. చదువుతున్న వేరే పుస్తకాన్ని అక్కడే వదిలేసి, సంచి భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. అలా మధ్యలో లేచి వెళ్ళడం ఆవిడ చరిత్రలోనే లేదు.

శనివారం పొద్దున్నే రచయిత్రి వచ్చింది. మొదటి అధ్యాయం వింటుంటే ఆమె కోపపు ముఖం మెల్లగా విచ్చుకుంది. "మా పిల్లకు ఇంత మంచి గొంతుందని నాకే తెలియదండీ" అంది. రికార్డిస్టు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె, "మిగతావి తర్వాత వింటాను. పదోది పెట్టండి" అంది. లేచొచ్చిన ప్రాణం అక్కడే కూలబడింది.

ఆమె విన్నది. వెనక్కి తిప్పించి మళ్ళీ విన్నది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది.

"మేస్త్రీ ఏ ఊరెళ్ళాడు?"

రికార్డిస్టు పక్కనే కూర్చున్న స్టేషనమ్మ వైపు చూశాడు.

"అడుగుతున్నాను. ఏ ఊరు? ఎప్పుడొస్తాడు?" అంది ఆమె. "ఆయన తిరిగొస్తాడంటే ఇక మా పిల్ల చేసిందేముంది? మేస్త్రీ వచ్చేదాకా తాడుకు కాపలా ఉన్నట్టేగా! ఆయన ఇక రాడని తెలిసి, ఆ ఏడుపు దిగమింగుకుని తాడు అందుకుందండీ అది. పుస్తకమంతా ఆ రెండు మాటల మీదే వేలాడుతోంది. మీరు ఒకటి తెంపేశారు."

ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి రికార్డిస్టుకు ఏమీ దొరకలేదు. స్టేషనమ్మకూ దొరకలేదు. "నువ్వన్నది నిజమేనమ్మా. చాలా బాగా రాశావు. చదివిన రోజు నాకు ముద్ద దిగలేదు" అంది.

"మరెందుకు మార్చారు?"

"మార్చలేదు తల్లీ. అక్కడ చెప్పలేదు, అంతే."

"రెండింటికీ తేడా ఏమిటో నాకు తెలియదండీ. నా పుస్తకం నాకిచ్చెయ్యండి" అని ఆమె సంచి తెరిచింది.

రికార్డిస్టు ముందుకొచ్చాడు. దాచి లాభం లేదు. "ఒక చిన్న సంగతండీ... ఈ సగం ఇప్పటికే హాస్టలు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. తప్పు నాదే."

రచయిత్రి అతన్ని చూసిన చూపుకు పరుపుల గోడ లేకపోతే వెనక్కి పడేవాడే. "అంటే ఆ పిల్లలు ఆయన కోసం ఎదురు చూస్తున్నారన్నమాట. పదండి. మేస్త్రీ ఇక రాడని నేనే చెబుతాను."

"నేనూ వస్తాను" అంది స్టేషనమ్మ.

హాస్టల్లో ఎనిమిదిమందీ పొడుగు బల్ల చుట్టూ కూర్చుని, మంచాల దగ్గరి నుంచి తెచ్చుకున్న తాళ్ళతో ముడులు వేస్తున్నారు. పుస్తకం రాసిన అక్క వచ్చిందనగానే గోలగోలగా లేచారు. చేతులు పట్టుకున్నారు, జడ తడిమి చూశారు. జడకు ముడుల్లేవని నిరుత్సాహపడ్డారు. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న వాక్యాలు ఒక్కటీ ఆమెకు గుర్తు రాలేదు.

"మీకొక విషయం చెప్పాలి" అంది చివరికి. "మీరు విన్న దాంట్లో మేస్త్రీ ఊరెళ్ళాడని ఉంది కదా. ఆయన... ఊరెళ్ళలేదు."

"తెలుసక్కా" అంది ప్లీడరు. "పోయాడుగా. బుధవారం."

రికార్డిస్టు ముందుకు వంగాడు. "ఎవరు చెప్పారు?"

"స్టేషనమ్మగారు. ఇంకెవరు చెబుతారు? వార్డెనమ్మ గదికి ఫోన్ చేశారు. పదో అధ్యాయం పెట్టకముందే. ఏమైనా తిన్నారా అని అడిగారు. కూర్చుని వింటున్నావా అన్నారు. పక్కన ఎవరైనా ఉన్నారా అన్నారు. అప్పుడు చెప్పారు."

"అందరికీనా?" అంది రచయిత్రి.

"ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా. నేను నమ్మలేదు. రుజువేంటన్నాను. పుస్తకంలో ఆ రెండు వాక్యాలూ ఎలా ఉన్నాయో అలాగే చదివి వినిపించారు, నాకు మూడుసార్లు." ప్లీడరు పక్కనున్న, వాళ్ళలో అందరికంటే చిన్నపిల్ల వైపు తల ఊపింది. "ఇదైతే ఫోన్ పెట్టనే లేదు. ఆయనకు నొప్పి పుట్టిందా అని ఏడుపు. ఆవిడ పాపం అలా లైన్లోనే ఉండిపోయారు. అంతా అయ్యాక, సరే, ఇప్పుడా ముడులపిల్ల ఏం చేస్తుందంటారు అని అడిగారు. మేం కొట్టుకుచచ్చాం. వంతెన కట్టి తీరుతుందని నేను. అవతలి ఒడ్డు నుంచి మొదలెడుతుందని ఇది. తర్వాత కూర్చుని పదోది విన్నాం. ఊరెళ్ళాడన్న చోట ఎవరం నవ్వలేదక్కా."

రికార్డిస్టు మెదడులో లెక్కల మాస్టారు కర్ర తాటించుకుంటూ నడిచి వెళ్ళారు. వెనకాలే ముక్కు చీదే ముసలావిడ. అతను మెల్లగా స్టేషనమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారూ... మాస్టారికీ మీరేనా? పెద్దకోడలి సంగతీ? ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగే ఫోన్లు చేస్తున్నారా?"

ఆవిడ దొంగతనం బయటపడ్డట్టు తల వంచుకుంది. "చెప్పాలి కదా అబ్బాయ్. తెలియకుండా ఎలా వింటారు?"

"మరి నలభై వేలమంది సైనికులు?"

"సేనాధిపతి ఒక్కడి గురించే చెప్పాను. మిగతావాళ్ళకు ఓపిక చాలలేదు" అంది ఆవిడ సిగ్గుపడుతూ.

తర్వాత రచయిత్రి పక్కన కూర్చుని, ఎవరూ అడగకపోయినా చెప్పింది. "స్టేషన్లో ఉన్నప్పుడు అప్పుడప్పుడు ఫోన్లొచ్చేవమ్మా. ఫలానా బండి కోసం ఎదురుచూస్తున్న ఫలానా మనిషికి ఫలానా కబురు చెప్పండి అని. మైకు చేతిలోనే ఉంది, ఒక్క మాట అంటే అయిపోతుంది. కానీ ఆ మనిషి అక్కడ మూటల మధ్య ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ పోర్టర్లు, టీ కేకలు. ఆ గోలలో చెప్తామా? దయచేసి విచారణ గదికి రండి అని మాత్రం పిలిచేదాన్ని. వచ్చాక కూర్చోబెట్టి, టీ ఇప్పించి, చెయ్యి పట్టుకుని చెప్పేదాన్ని. వేరేలా నాకు రాదు తల్లీ. పుస్తకమైనా అంతే. తొమ్మిది అధ్యాయాలు ఆ మేస్త్రీతో తిరిగారు కదా ఈ పిల్లలు."

రచయిత్రి వేళ్ళు బల్లమీది తాడు కొసతో ఆడుకుంటున్నాయి. అంతసేపూ ఏదో ఆలోచిస్తున్న ప్లీడరు ఆమె మోచెయ్యి తట్టింది.

"అక్కా, మేస్త్రీ పోయాడని నీకెవరు చెప్పారు?"

"నాకెవరు చెబుతారు? రాసిందే నేను."

"అప్పుడు పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. గదిలో ఒక్కదాన్నే ఉన్నాను."

"అయ్యో!" అంది ప్లీడరు. మిగతా ఏడుగురూ అదే మాట అన్నారు. ఎవరో ఆమె ముందుకు మంచినీళ్ళ గ్లాసు జరిపారు. ఎవరో కుర్చీని దగ్గరికి లాగారు. "ఏమైనా తిన్నావా ఆ రోజు?" అని చిన్నపిల్ల అడిగింది.

తినలేదు. ఆ రెండు వాక్యాలు రాసి, కలం పక్కన పడేసి, సాయంత్రం దాకా గోడ వైపు చూస్తూ కూర్చుంది రచయిత్రి. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు చెబుదామని నోరు తెరిచి నవ్వేసింది, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"మిగతా సగం ఎప్పుడు మొదలుపెడతారండీ?" అంది రికార్డిస్టుతో.

"అంటే, అనుమతి..."

"ఉంది. కాపీ అలాగే ఉండనివ్వండి. కానీ ఇకనుంచి ఆ కాపీ ఎవరి చేతికి వెళ్ళినా, వెనకాలే ఫోన్ కూడా వెళ్ళాలి. నేను రాసింది రాసినట్టు ఆ ఫోన్‌లో చదవాలి. సగంమందికి నేను చేస్తాను. మిగతా సగం అమ్మగారు." అని ఆగి, స్టేషనమ్మ వైపు తిరిగింది. ఏదో గుర్తొచ్చినట్టు ముఖం మారింది. "అమ్మగారూ, మీరు రెండో సగం ఇంకా చదవలేదు కదా?"

"ముందు చదవను తల్లీ."

"అయితే అందులో జరిగేది ఆ గదిలో, ఆ ఎర్ర దీపం కింద ఒక్కరే ఉన్నప్పుడు తెలియడం నాకిష్టం లేదు." రచయిత్రి లేచి తన కుర్చీ ఆవిడ కుర్చీకి ఎదురుగా వేసుకుంది. ఆవిడ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "మీరు పొద్దున ఏమైనా తిన్నారా?"

స్టేషనమ్మ ముఖం పాలిపోయింది. ఇంత వయసొచ్చాక ఆ ప్రశ్న తననెవరైనా అడగడం అదే మొదటిసారి. "తిన్నాను" అంది పీలగా. "ఎవరమ్మా? ఎవరు?"

"అక్కా, ఆగు!" అని ప్లీడరు బల్లమీద గుద్దింది. "ఇక్కడ మేమున్నాం. మా వంతు వచ్చినప్పుడు మాకు ఫోన్ చెయ్యాలి. అందరూ చెవులు మూసుకోండే!"

ఏడుగురు పిల్లలు రెండు చెవుల్లోనూ వేళ్ళు దూర్చి, పైగా గట్టిగా పాట ఎత్తుకున్నారు. రికార్డిస్టు కూడా మూసుకున్నాడు. ప్లీడరు మాత్రం ఒక్క చెవే మూసుకుంది.